కొండవీటి చాంతాడు ఎంత పొడవు?

మా టీమ్‌లో పెండింగ్ పనుల లిస్ట్ ఒకటుంది. ప్రతి సోమవారం మీటింగ్‌లో దాన్ని స్క్రీన్ మీద పెట్టగానే నేను అనే మాట ఒకటే: "కొండవీటి చాంతాడంత ఉందిగా!" హైదరాబాద్ ఆఫీసు, సగం మంది తెలుగువాళ్లే కాబట్టి నవ్వేస్తారు. ఓసారి ఒడిశా నుంచి వచ్చిన కొలీగ్ ఒకడు సీరియస్‌గా అడిగాడు, దానర్థం ఏంటని.

చాంతాడంటే బావిలోంచి నీళ్లు తోడే తాడు అని చెప్పాను. కొండవీడంటే ఊరు అన్నాను. ఎక్కడుంది? గుంటూరు దగ్గర. ఎలా ఉంటుంది? ఇక్కడ ఆగిపోయాను. మా ఊరు భట్టిప్రోలు. కొండవీడు మాకు 80 కిలోమీటర్లకి అటూ ఇటూ. 28 ఏళ్లొచ్చాయి, మనాలీ వెళ్లాను, కూర్గ్ వెళ్లాను. రోజూ వాడే సామెతలోని ఊరికి మాత్రం ఒక్కసారి కూడా వెళ్లలేదు.

ఈ ఏడాది సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఆ లెక్క సరిచేశాను. నాన్నని తీసుకుని, బండి మీద, ఒక్క రోజులో. అసలు సంగతేంటంటే, నేను నాన్నని తీసుకెళ్లానా, నాన్న నన్ను తీసుకెళ్లాడా అన్నది ఇప్పటికీ తేలలేదు.

కొండ లేని ఊరు

భట్టిప్రోలు మీకు తెలియకపోతే ముందు మా ఊరి గురించి నాలుగు ముక్కలు. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు మార్గంలో ఉంటుంది. ఒకప్పుడు గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. కృష్ణా పశ్చిమ డెల్టా. ఎటు చూసినా చదునే. వరి కోతలయ్యాక మేడ మీద నిలబడితే చూపు ఆగడానికి తాటిచెట్లు, సెల్ టవర్లు తప్ప ఇంకేం ఉండవు.

మాకు ఎత్తు అంటే దిబ్బ. అదే బౌద్ధ స్తూపం. 1892లో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి అక్కడ తవ్వితే రాతి పెట్టెలు, వాటిలో ధాతువులున్న స్ఫటికపు భరిణెలు దొరికాయి. ఆ పెట్టెల మీద ఉన్న అక్షరాలు బ్రాహ్మీలోనే ఒక ప్రత్యేకమైన రకం. పండితులు దానికి భట్టిప్రోలు లిపి అనే పేరు పెట్టారు. గియోర్గ్ బ్యూలర్ 1894లో వాటిని చదివి ప్రచురించాడు. అందులో కుబిరకుడనే రాజు పేరుంది. క్రీస్తుకి పూర్వం నాటి సంగతి ఇదంతా.

అంతకుముందే ఆ స్తూపం ఇటుకల్ని, పాలరాళ్లని 19వ శతాబ్దంలో రోడ్లకీ కాలువ పనులకీ పట్టుకెళ్లిపోయారు. అంటే మా ఊరి ఒకే ఒక్క కొండని కూడా మా వాళ్లు నీళ్ల కోసం కొంత కరిగించేశారన్నమాట. చిన్నప్పుడు ఆ దిబ్బెక్కి దిగితే ఎవరెస్ట్ ఎక్కినంత గొప్ప. నిజమైన కొండ ఎక్కే అలవాటు మాలో ఎవరికీ లేదు.

అసలు ఎందుకు వెళ్లాం

రెండు కారణాలు. మొదటిది నాది. డిసెంబర్‌లో ఆఫీసులో హెల్త్ చెకప్ పెట్టారు. బరువు 92 కిలోలు, షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. డాక్టర్ నా వయసు చూసి, రిపోర్టు చూసి, మళ్లీ వయసు చూశాడు. "రోజుకి ఎంత నడుస్తారు?" అంటే, క్యాబ్ నుంచి లిఫ్ట్ దాకా అని చెప్పలేక ఊరుకున్నాను.

రెండోది నాన్నది. మాకు సొంతంగా ఎకరం మాగాణి ఉంది. అది కాక కరకట్టకి అవతల, కృష్ణ పక్కనే, లంకలో ఎకరంన్నర కౌలుకి తీసుకుని పసుపు వేస్తాడు. 2024 సెప్టెంబర్ మొదటి వారంలో వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. విజయవాడలో ఇళ్లు మునిగిన ఫొటోలు అందరి ఫోన్లలో తిరిగాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ నీళ్లన్నీ బ్యారేజీ దాటాక ఎటు వెళ్లాయో చాలామంది ఆలోచించలేదు. మా లంకల మీదకే వచ్చాయి. నాన్న పసుపు రోజుల తరబడి నీళ్లలో నానింది. నీళ్లు దిగాక చూస్తే దుంప కుళ్లిపోయింది. కౌలు సగం ముందే కట్టాడు. మిగతా సగం సంక్రాంతికి ఇవ్వాలి. పంట పోయినా కౌలు పోదు.

అప్పటి నుంచి నాన్న ఇంట్లో పెద్దగా మాట్లాడటం లేదని అమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ చెప్పేది. "పండక్కొచ్చినప్పుడు ఆయన్ని ఎటైనా తిప్పుకురారా" అంది. గుడికా, సినిమాకా అని నేను ఆలోచిస్తుంటే నాన్నే అడిగాడు, "కొండవీడు ఎప్పుడైనా చూశావురా?" అని. ఆయనా చూడలేదట. 61 ఏళ్లు.

నా మనసులో ఇంకో ప్లాన్ కూడా ఉంది. లంక కౌలు మానెయ్యమని, వీలైతే వ్యవసాయమే మానేసి హైదరాబాద్ వచ్చెయ్యమని చెప్పాలి. రెండేళ్లుగా చెప్పాలనుకుంటున్న మాట. కొండ మీదైతే లేచి వెళ్లిపోలేడు కదా అనుకున్నాను.

నల్లమట్టి దాటి

కనుమ, ముక్కనుమ అయిపోయాక జనవరి 18, శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి బయలుదేరాం. మంచు. వేమూరు, తెనాలి, గుంటూరు. తెనాలి దాకా రోడ్డు పక్కన కాలువ వస్తూ పోతూ ఉంటుంది. గుంటూరు దాటి చిలకలూరిపేట హైవే ఎక్కాక ఓ బండి దగ్గర ఆగి, నెయ్యి, కారప్పొడి వేసిన ఇడ్లీ తిన్నాం. నేను ఆరు తిన్నాను. నాన్న నాలుగు తిని, "కొండెక్కాలిరా" అన్నాడు. వినలేదు.

హైవే వదిలి కుడి వైపు తిరిగాక లోకం మారిపోతుంది. కాలువ లేదు. మిరప తోటల్లో కాయ ఎర్రబడుతోంది. మిగిలిపోయిన పత్తి చేలల్లో అక్కడక్కడా తెల్లటి మచ్చలు. ఎదురుగా కొండల వరుస. మా చూపుకి అలవాటు లేని విషయం అది, ఆకాశం నేల దాకా రాకుండా మధ్యలోనే ఆగిపోవడం.

కొండవీడు ఇప్పుడు పల్నాడు జిల్లా ఎడ్లపాడు మండలంలో ఉంది. ఊరు కొండల మధ్య గిన్నెలో పోసినట్టు ఉంటుంది. చుట్టూ ఉన్న గుట్టలే దానికి సగం గోడ. కింద కోటకి కోలేపల్లి దర్వాజా, నాదెళ్ల దర్వాజా అని రెండు ద్వారాలు. ఆ ద్వారాల మధ్య ఇప్పుడు బర్రెలు, ఆటోలు, ట్యూషన్‌కి వెళ్లే పిల్లలు. రాజధానిలో నడుస్తున్నామన్న ఫీలింగే రాదు. అదే బాగుంది.

కొంచెం చరిత్ర, త్వరగా

కాకతీయుల తర్వాత, 1325 ప్రాంతంలో, ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రాజ్యం మొదలుపెట్టాడు. అతని కొడుకు అనవోతారెడ్డి రాజధానిని ఈ కొండ మీదకి మార్చాడు. సుమారు వందేళ్లు రెడ్డిరాజులు ఏలారు. చివరివాడు రాచ వేమారెడ్డి పురిటి మీద కూడా పన్ను వేశాడని, కడుపు మండిన సవరం ఎల్లయ్య అనే బంటు అతన్ని పొడిచి చంపాడని కథ చెబుతారు. జీఎస్టీ మీద జోకులేసేవాళ్లు ఒకసారి ఇది గుర్తు చేసుకోండి. తర్వాత ఒడిశా గజపతులు వచ్చారు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు వాళ్ల దగ్గర్నుంచి కోట తీసుకున్నాడు. ఆ తర్వాత గోల్కొండ నవాబులు. మా ఒడిశా కొలీగ్‌కి ఈసారి సమాధానం ఉంది, "మీ వాళ్లు కూడా ఆ తాడుతో నీళ్లు తోడుకున్నారు బ్రో" అని.

ఎక్కే ముందు గోపీనాథస్వామి గుడి చూడండి. ఊళ్లో కత్తుల బావి అంటారు. సామంతుల్ని దర్శనానికి పిలిచి, అడుగున కత్తులు పాతిన బావిలో పడేలా చేశారని అక్కడి కథ. అది నిజమో కాదో గాని, ఆ రాతి మండపం చల్లగా, చీకటిగా ఉంది. కథ నమ్మడానికి ఆ చీకటి చాలు.

మెట్ల దారి

పైకి వెళ్లడానికి ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది. కారు, బండి పైదాకా వెళ్తాయి. ఆదివారాలు కుర్రాళ్లంతా అటే. మేం ఊళ్లోంచి పోయే పాత మెట్ల దారి పట్టుకున్నాం. మెట్లు అంటే తిరుమల మెట్లలా ఊహించుకోకండి. కొన్నిచోట్ల పేర్చిన బండలు, కొన్నిచోట్ల ఊడిపోయిన బండలు, కొన్నిచోట్ల మట్టి. రెండు పక్కలా సీతాఫలం పొదలు. కొండవీటి సీతాఫలానికి ఈ చుట్టుపక్కల మంచి పేరుంది. సీజన్ అయిపోయింది కాబట్టి ఎండిన ఆకులే మిగిలాయి.

పావుగంటకే నా పనైపోయింది. చెవుల్లో గుండె కొట్టుకుంటోంది. ఆరు ఇడ్లీలు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. నాన్న లుంగీ పైకి కట్టి, టవల్ తలకి చుట్టి, ఒకే వేగంతో పోతున్నాడు. ఆగడు, తొందరపడడు. వరి గట్ల మీద నలభై ఏళ్లు నడిచిన నడక అది. నేను ఆగినప్పుడల్లా ఏమీ అనకుండా తనూ ఆగి, చెట్ల వైపు చూస్తూ నిలబడేవాడు. ఆయాసపడుతున్న కొడుకుని చూడనట్టు నటించడం నాన్నలకి మాత్రమే వచ్చు.

తప్పు నేనే చేశాను. ఓ చోట దారి రెండుగా చీలింది. నేను ఫోన్ తీశాను. మ్యాప్‌లో సన్నటి గీత ఒకటి ఎడమ వైపు చూపిస్తోంది. "ఇటు షార్ట్‌కట్" అన్నాను. నాన్న కుడి వైపు బండల్ని కాలితో తట్టి చూసి, "ఇవి అరిగినయ్‌రా. జనం ఇటే ఎక్కినట్టుంది" అన్నాడు. "మ్యాప్‌లో ఉంది నాన్నా" అన్నాను. ఇంకేమీ అనలేదు, నా వెనకే వచ్చాడు.

ఇరవై నిమిషాల తర్వాత దారి ముళ్లపొదల్లోకి దూరి మాయమైంది. కాలు జారి మోకాలు గీసుకుంది. సిగ్నల్ పోయింది. మ్యాప్‌లో నీలం చుక్క కదలకుండా అలాగే ఉంది. తెచ్చిన మూడు లీటర్ల నీళ్లలో రెండు అప్పటికే నేనే తాగేశాను. ఎండ ఎక్కుతోంది. నిజం చెప్పొద్దూ, కొంచెం భయమేసింది. నాకేమైనా అవుతుందని కాదు. 61 ఏళ్ల మనిషిని ఒక గీతని నమ్మి ఇక్కడికి తీసుకొచ్చానే అని.

పై నుంచి గంటలు వినపడ్డాయి. మేకలు. వాటి వెనక ఒక పెద్దాయన. మమ్మల్ని చూసి నవ్వాడు. "ఆ దారి మేకలకండీ, మీకు కాదు. ఎనక్కి పోయి అరిగిన రాళ్ల మీద ఎక్కండి" అన్నాడు. నాన్న నా వైపు చూడలేదు. వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు. చూసుంటేనే నయం.

ఈ నలభై నిమిషాల నష్టంలో ఒక సంగతి మాత్రం నేర్చుకున్నాను. పాత దారికి గుర్తు బోర్డు కాదు, అరుగుదల. ఆరేడు వందల ఏళ్ల పాదాలు అరగదీసిన రాయి మధ్యలో పల్లంగా, నున్నగా ఉంటుంది. ఒకసారి కన్ను పడితే ఇక దారి తప్పరు. మిగతా దూరమంతా నేను ఫోన్ తియ్యలేదు.

కొండ మీద చెరువు

పైకి చేరాక మొదట కనపడింది బురుజు కాదు, గుడి కాదు. నీళ్లు.

నాన్న ఆగిపోయాడు. డెల్టా రైతుకి కొండ మీద చెరువు కనిపించడమంటే మనకి సముద్రం మధ్యలో వైఫై దొరికినట్టు. పైన మూడు చెరువులున్నాయి. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. కొండ ఒంపుల్లో కట్టలు పోసి వాన నీళ్లు ఆపారు. ఇక్కడికి ఏ నదీ రాదు, ఏ కాలువా ఎక్కదు. పడిన వాన పడినచోటే పట్టుకోవాలి. రాజు, గుర్రాలు, సైన్యం, అందరికీ అదే ఆధారం. శత్రువు కింద నెలల తరబడి కూర్చున్నా పైవాళ్లు బతికింది ఈ కట్టల మీదే.

చాంతాడు సామెత కూడా ఇక్కడే అర్థమైంది. మా ఊళ్లో కొద్ది అడుగులు తవ్వితే నీళ్లు పడతాయి. తాడు పొడవు గురించి సామెత పుట్టే అవసరమే లేదు. ఇక్కడ రాతి నేల, లోతు బావులు. తోడేవాళ్ల చేతులకి తెలిసిన పొడవు అది. తరాలు గడిచాక తోడేవాళ్లు పోయారు, మాట మిగిలింది. దాన్ని మనం సినిమా టికెట్ క్యూకీ, ఆఫీసు లిస్టుకీ వాడుకుంటున్నాం.

నాన్న చెరువు కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. రాళ్లు ఎలా పేర్చారో వంగి చూశాడు. నీళ్లు ఎక్కువైతే ఎటు పోతాయో వెతికాడు. మూడు నెలల్లో ఆయన ముఖంలో ఆ ఆసక్తి నేను చూడటం అదే మొదలు. తర్వాత గట్టు మీద కూర్చుని అమ్మ కట్టిచ్చిన చక్కిలాలు, అరిసెలు తీశాం. షుగర్ గుర్తొచ్చి అరిసె ఒకటితో ఆపాను.

ఇదే టైమ్ అనుకుని మాట మొదలుపెట్టబోయాను. ఆయనే ముందు అన్నాడు.

"శ్రీనాథుడు ఉన్నది ఇక్కడే కదరా?"

ఇక్కడే. పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారి. కవిసార్వభౌముడు. విజయనగరంలో కనకాభిషేకం చేయించుకున్నాడని చెప్పుకునే కవి. టెన్త్‌లో పద్యం బట్టీ పట్టి నేను మర్చిపోయిన మనిషి. నాన్న చదివింది పదో తరగతే గాని, ఒక చాటుపద్యం మాత్రం పూర్తిగా వచ్చు. కొండవీటి రాజ్యం పోయాక, ఆదరించే రాజులు పోయాక, శ్రీనాథుడు ముసలితనంలో కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లె అనే ఊరు గుత్తకి తీసుకున్నాడట. వరదొచ్చి పంట కొట్టుకుపోయిందట. మిగిలిన గింజల్ని పిట్టలు తినేశాయట. కట్టాల్సిన ఏడు వందల టంకాలు కట్టలేకపోయాడట. బాకీ కింద ఎండలో భుజాన బండ మోయించి నిలబెట్టారని కూడా ఆ పద్యంలోనే ఉంది. ఈ పద్యం ఆయన పేరు మీదే ప్రచారంలో ఉంది.

నాన్న పద్యం మెల్లగా చదివాడు. చదివి, "కౌలు రైతు అన్నమాట ఆయన కూడా" అన్నాడు.

నేనేం మాట్లాడలేదు. ఈ కొండ మీద విద్యాధికారిగా ఉన్న మనిషి, ఇక్కడి నుంచి దిగి మా కృష్ణ ఒడ్డుకొచ్చి, మా నాన్నలాగే మునిగాడు. ఇన్ని వందల ఏళ్లలో మారింది టంకాలు రూపాయలవ్వడం ఒక్కటే. పంట పోయినా కౌలు కట్టాలన్న రూలు అలాగే ఉంది.

"లంక ఒదిలేద్దామనుకుంటన్నా" అన్నాడు నాన్న. "ఎకరం ఉంచుకుంటా. అది కూడా ఒదిలేస్తే పొద్దున్నే లేచి ఎటు పోవాలో తెలవదు నాకు."

నేను రెండేళ్లుగా తయారుచేసుకున్న స్పీచ్‌లో ఈ చివరి వాక్యానికి జవాబు లేదు. పైకి వస్తూ ఆయన నడక చూసినవాణ్ణి, ఆ మనిషిని నా అపార్ట్‌మెంట్ ఆరో అంతస్తులో, లిఫ్ట్ పక్కన, టీవీ ముందు ఊహించుకున్నాను. కుదరలేదు. "మిగతా కౌలు నేను కడతా, లంక ఒదిలెయ్. ఎకరం సంగతి నీ ఇష్టం" అన్నాను. "నువ్వు ఇచ్చేదేందిరా" అన్నాడు. అంటే సరే అని అర్థం. మా ఇంట్లో అలాగే ఉంటుంది.

బురుజు మీద నుంచి

చెరువుల దగ్గర్నుంచి పైన దారులు చాలా పోతాయి. లక్ష్మీనరసింహస్వామి గుడి, మసీదు, కూలిన మంటపాలు. కొండ అంచు పట్టుకుని గోడ, గోడ మీద బురుజులు. నెమళ్ల బురుజు, తారా బురుజు, జెట్టి బురుజు అని ఒక్కోదానికి ఒక్కో పేరు. తొందరపడితే గంటలో తిరిగేయొచ్చు. మేం మూడు గంటలు తీసుకున్నాం. గోడ వెంట మనుషులే లేరు. గాలి, పికిలిపిట్టలు, ఎక్కడో నెమలి అరుపు. ఆఫీసులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కొనుక్కునే నిశ్శబ్దం అక్కడ ఊరికే దొరుకుతుంది.

ఓ బురుజు మీద నిలబడి కిందకి చూస్తే ఆ లోయ అంతా ఒక్కసారిగా అర్థమవుతుంది. మధ్యలో ఊరు, చుట్టూ గుట్టలు, వాటి సందుల్లోంచి బయటకి పోయే దారులు. దూరంగా కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రటి చాపల్లా. రాజధానికి ఈ చోటు ఎందుకు ఎంచుకున్నారో పుస్తకం చదవక్కర్లేదు.

"ఇక్కడ పడ్డ వాన ఎటు పోద్ది?" అన్నాడు నాన్న.

ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబుంది. ఈ కొండల్లోనే కొండవీటి వాగు పుడుతుంది. తాడికొండ, తుళ్లూరు వైపు, అంటే అమరావతి రాజధాని ప్రాంతం మీదుగా వెళ్లి ఉండవల్లి దగ్గర కృష్ణలోకి చేరుతుంది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు వాగు నీళ్లు లోపలికి పోలేక వెనక్కి తన్ని పొలాలు ముంచేవి. అందుకే 2018లో అక్కడ 5,000 క్యూసెక్కులు ఎత్తి నదిలో పోసే పంపులు పెట్టారు. అది ప్రకాశం బ్యారేజీకి పై భాగం. బ్యారేజీ నుంచి పశ్చిమ కాలువ. దుగ్గిరాల లాకుల దగ్గర అది చీలుతుంది. చీలికల్లో కొంత మా వైపు వస్తుంది.

నాన్న కాసేపు వేళ్ల మీద లెక్కేసుకున్నట్టు ఆలోచించి, "అయితే ఈడ పడ్డ వాన మన చేలోకి వచ్చుద్దన్నమాట" అన్నాడు.

కొంచెమైనా వస్తుంది. 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న, ఎప్పుడూ చూడని కొండ నీళ్లు మా వరి తాగుతోంది. వరదగా ఎక్కువైతే మా పసుపుని ముంచేదాంట్లోనూ దాని వాటా ఉంటుంది. కొండవీటి చాంతాడు ఎంత పొడవని ఎవరైనా అడిగితే ఇప్పుడు నా దగ్గర సొంత లెక్క ఉంది. కొండవీడు నుంచి భట్టిప్రోలు దాకా.

దిగుతూ

దిగడం తేలికనుకోకండి. ఊపిరి ఇబ్బంది ఉండదు గాని మోకాళ్లు వణుకుతాయి. ఎండిన ఆకుల కింద రాయి జారుతుంది. అరిగిన రాళ్ల మీదే, అడుగు అడ్డంగా వేస్తూ దిగమన్నాడు నాన్న. తడి గట్టు మీద నడిచే పద్ధతి అదేనట. కిందకి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. ఊళ్లో ఓ చిన్న కొట్టులో గోలీసోడా దొరికింది. నాన్న తాగుతూ, మొదటిసారి, నవ్వాడు. "మేకల దారి బాగుందిరా" అన్నాడు. పొద్దున్నుంచీ దాచుకున్నాడన్నమాట.

మీరూ వెళ్లాలనుకుంటే కొన్ని మాటలు:

ఎప్పుడు: నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచిది. వానల్లో పచ్చగా ఉంటుంది గాని బండలు జారతాయి. ఏప్రిల్, మే నెలల్లో గుంటూరు ఎండలో ఆ పని పెట్టుకోకండి.

ఎలా: గుంటూరు నుంచి సుమారు 25 కిలోమీటర్లు. సొంత బండి ఉంటే మేలు. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే ఘాట్ రోడ్డులో పైకి తీసుకెళ్లి చెరువుల దగ్గర దింపండి. మీరు మెట్ల దారిలో వచ్చి కలుసుకోండి.

ఏం తీసుకెళ్లాలి: మనిషికి రెండు లీటర్ల నీళ్లు తక్కువ కాకుండా, టోపీ, గ్రిప్ ఉన్న బూట్లు, తినడానికి ఏదైనా, టికెట్‌కి చిల్లర. పైన కొట్లు ఉంటాయని నమ్ముకోవద్దు.

ఏం చేయకూడదు: ఒంటరిగా ఎక్కొద్దు. చీకటి పడకముందే దిగండి. పొదల్లో చెయ్యి పెట్టొద్దు, పాములుంటాయి. మ్యాప్ ఇంటి దగ్గరే చూసుకుని, కొండ మీద రాళ్లని చూడండి. దారి తెలియకపోతే ఊళ్లో అడగండి, అందరూ చెబుతారు. ఇక చెరువుల్లో కవర్లు, సీసాలు వేసేవాళ్లకి ఒక్కటే మాట. ఆ నీళ్లు ఎవరో ఒకరి చేలోకి వెళ్తాయి.

నా బరువు ఇప్పుడు 85. రోజూ సాయంత్రం కాలనీ చుట్టూ నడుస్తున్నాను. నాన్న లంక కౌలు వదిలేశాడు, ఎకరం చేస్తున్నాడు. మొన్న వానాకాలంలో గుంటూరు వైపు పెద్ద వాన పడిందని న్యూస్‌లో చూసి ఫోన్ చేశాను. ఇంతకుముందైతే "అన్నం తిన్నావా, ఆరోగ్యం ఎలా ఉంది" దగ్గర మా కాల్ అయిపోయేది.

"నాన్నా, కొండవీటి నీళ్లొచ్చాయా?" అన్నాను.

"దుగ్గిరాల దాటినయ్ అంట. రేపటికి వస్తయ్" అన్నాడు.